తెలివి కుండ



మొన్న లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయని తోటిపిల్లలు మా అబ్బాయిని మొద్దబ్బాయి అన్నారట. ముఖం ముడుచుకుని అన్నం మానేశాడు. బుజ్జగించడం చేతకాక ఓ కథ ఎత్తుకున్నాను. పశ్చిమ ఆఫ్రికాలో, ఘానా దేశపు అకాన్ ప్రజలు చెప్పుకునే కథ ఇది.

అనాన్సి అనే సాలీడు లోకంలోని తెలివినంతా పోగుచేసి కుండలో పెట్టాడట. ఎవరికీ అందకుండా చిటారుకొమ్మన దాచాలని, కుండని పొట్టకి కట్టుకుని చెట్టెక్కబోయాడు. కుండ అడ్డొచ్చి ఒకటే జారడం! కిందనుంచి కొడుకు, "నాన్నా, వీపుకి కట్టుకోరాదూ?" అన్నాడు. తెలివంతా కుండలోనే ఉంటే, పసివాడికి ఈ మాటెలా తోచింది? ఉక్రోషంతో అనాన్సి కుండని కింద పడేశాడు. తెలివి తలా కాస్తా దక్కింది.

అకాన్‌వాళ్ళు కథ చెబుతుంటే, వినేవాళ్ళు మధ్యలో ఆపి పాట అందుకోవచ్చు. అదీ కథలో భాగమే. మనమో, "నోర్మూసుకుని విను" అంటాం. చివర నీతి కూడా మనమే చెప్పేస్తాం.

ఈసారి నేను నీతి చెప్పలేదు. కాసేపటికి వాడే, "అయితే నాక్కూడా కాస్త దొరికిందన్నమాటే కదమ్మా?" అన్నాడు. కంచం ముందుకు లాక్కున్నాడు.

మీరూ చెప్పి చూడండి. చెప్పాక, పిల్లలేమంటారో వినండి. సెలవు.