బాలబాలికలు – కోడింగు – గ్రంథాలయము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు వసంతములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము చేయునపుడు గడచిన కాలమును తలచుకొనుట ఎంత ఉచితమో, రాబోవు పాఠకులకు ఏమి కావలయునో విచారించుటయు అంత ఉచితము. నేటి విషయము పిల్లలు కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయ నేర్చుట. దీనినే లోకమున కోడింగు అనుచున్నారు. కొన్ని దేశములలో ఈ విద్య ఇంటిలోను, పిల్లల క్లబ్బులలోను వేళ్లూనినది. ఆ వృత్తాంతమున గ్రంథాలయములు గ్రహింపదగిన పాఠ మొకటి కలదు.

మొట్టమొదట కోడింగనగా నేమి? కంప్యూటరు మిక్కిలి వేగము గల సేవకుడు. కాని ఊహ లేని సేవకుడు. “పాలు కాచి పెట్టుము” అనిన ఇంటి పిల్ల పొయ్యి వెలిగించును, పొంగు రాగానే దింపును. యంత్రమున కది చాలదు. గిన్నె ఎక్కడ నున్నది, పాలెన్ని పోయవలెను, ఎప్పుడు దింపవలెను, పొంగు రాకున్న నేమి చేయవలెను – అన్నియు వరుస తప్పక చెప్పవలెను. ఆ వరుసకే ప్రోగ్రామని పేరు. దానిని యంత్రమునకు తెలియు భాషలో వ్రాయుటయే కోడింగు. కావున ఇది మొదట యంత్రవిద్య కాదు. తన మనస్సులోని మాటను తానే విడదీసి చూచుకొను విద్య.

ఈ విద్యను పిల్లలకు అందింపవచ్చునని తలచిన తొలివారిలో అమెరికా దేశపు మాసచూసెట్స్ రాష్ట్రమందలి సీమోర్ పాపర్టు, వాలీ ఫ్యూర్జిగ్, సింథియా సాలమన్ ముఖ్యులు. వారు 1967లో “లోగో” అను భాషను నిర్మించిరి. కొలది కాలమునకు దానికి ఒక తాబేలు తోడయ్యెను. అది మొదట నేలపై ప్రాకు చిన్న యంత్రము. తరువాత తెరపై కదలు గుర్తు. “ముందుకు 100” అనిన అంత దూరము నడచి గీత గీయును. “కుడికి 90” అనిన ఉన్నచోటనే అన్ని డిగ్రీలు తిరుగును. ఈ రెండాజ్ఞలను నాలుగు మారులు చేయింపగా చతురస్రము సిద్ధించును.

పిమ్మట పిల్లవాడు త్రిభుజము గీయనెంచును. సమబాహు త్రిభుజమున ఒక్కొక్క కోణము 60 డిగ్రీలని బడిలో చదివినాడు గనుక “ముందుకు 100, కుడికి 60” అని మూడు మారులు ఆజ్ఞాపించును. గీతలు కలియవు. షడ్భుజిలో సగము వంటి ఆకార మొకటి నోరు తెరచుకొని నిలుచును. యంత్రము తిట్టదు, నవ్వదు, మార్కులు కోయదు. పిల్లవాడు లేచి, తానే తాబేలై, వాకిట నడచి చూచును. బయలుదేరిన దిక్కునకే మరల ముఖము పెట్టవలెనన్న మొత్తము 360 డిగ్రీలు తిరుగవలెననియు, మూడు మలుపులైనచో ఒక్కొక్కటి 120 కావలెననియు అప్పుడు తోచును. ఆ తెలివిని ఇచ్చినది అతని తప్పే. తప్పును దాచక దాని జాడ తీసి దిద్దుకొనువాడు చదువునకు వెరవడన్నది పాపర్టు 1980లో ప్రకటించిన “మైండ్‌స్టార్మ్స్” అను గ్రంథము సారములలో నొకటి.

ఇక ఇంటి ముచ్చట. ఇంగ్లండులో 1981లో బీబీసీ మైక్రో యను కంప్యూటరును, 1982లో సింక్లెయిర్ స్పెక్ట్రమును వెలువడెను. మీట నొక్కగనే అవి ఆటబొమ్మలు చూపక, ఆజ్ఞకొరకు ఎదురు చూచుచుండెడివి. పిల్లలు పత్రికలలో అచ్చయిన ప్రోగ్రాములను పంక్తి వెంబడి పంక్తిగా తమ చేతులతో యంత్రమున కెక్కించుకొనెడివారు. ఒక్క కామా తప్పినను ఆట నడువదు. లెక్క కుదరని చిట్టాలో అంకె అంకెకు వ్రేలు పెట్టి చూచినట్లు వారు ఆ తప్పును వెదకెడివారు. ఆ వెదకుటలోనే విద్య అబ్బెను.

తరువాత వచ్చిన యంత్రములు సిద్ధాన్నము వడ్డించినట్లు సిద్ధమైన ఆటలను చూపసాగెను. ఆడువారు పెరిగిరి, ఆటను నిర్మించువారు తగ్గిరి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు కంప్యూటరు శాస్త్రము చదువ వచ్చువారిలో స్వయముగా ప్రోగ్రాములు వ్రాసిన అనుభవము సన్నగిల్లుచున్నదని ఎబెన్ ఆప్టన్ మున్నగువారు గమనించిరి. దాని ఫలితమే 2012లో వెలువడిన “రాస్ప్‌బెర్రీ పై”. అరచేత నిముడు ఆ కంప్యూటరు నాటి వెల 35 డాలర్లు. చెడిపోవునను భయము లేక పిల్లలు చేయి పెట్టదగిన యంత్రము కావలెనన్నది వారి సంకల్పము.

యంత్ర మొక్కటియున్న చాలదు, తోడు కావలెను. ఐర్లండు దేశమున కార్క్ నగరములో జేమ్స్ వెల్టన్ అను యువకుడు తన బడిలో తోటి విద్యార్థులకు కంప్యూటరు క్లబ్బు నడిపెను. 2011లో అతడును, బిల్ లియావు అను వ్యాపారియు కలిసి “కోడర్‌డోజో” అను ఉద్యమమును ఆరంభించిరి. డోజో యనగా జపాను భాషలో యుద్ధకళల నభ్యసించు శాల. ఏడు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలకు ప్రవేశము, రుసుము లేదు, పరీక్ష లేదు. అచ్చట చక్కని యాచార మొకటి నెలకొనెను. సందేహము కలిగినవాడు ముందుగా ముగ్గురు తోటివారి నడిగి, పిదపనే పెద్దవారి నడుగవలెను. దీనివలన తెలిసినవాడు చెప్ప నేర్చును, తెలియనివాడు అడుగ నేర్చును.

మరుసటి యేడు, అనగా 2012లో, క్లేర్ సట్క్లిఫ్, లిండా శాండ్విక్ అను ఇరువురు వనితలు బ్రిటనులో “కోడ్ క్లబ్” స్థాపించిరి. బడి విడిచిన పిదప వారమునకొక గంట, తొమ్మిది మొదలు పదునొకండేండ్ల పిల్లలకు స్వచ్ఛంద సేవకులు నేర్పెడివారు. బడులతోపాటు గ్రంథాలయములును ఈ క్లబ్బులకు చోటిచ్చెను. మాసచూసెట్స్ లోని ఎంఐటీ విద్యాసంస్థ 2007లో లోకమునకు ఉచితముగా నొసగిన “స్క్రాచ్” వారికి గొప్ప సాధన మయ్యెను. అందు ఆజ్ఞలు రంగురంగుల ముక్కలై యుండును. పిల్లలు వానిని ఒకదాని క్రింద నొకటి అతికించి బొమ్మలను నడిపింతురు, కథలల్లుదురు.

ఇది తెలుగువారి బుద్ధికి పరాయి విద్య యనుకొన పనిలేదు. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును తెనుగు పద్యములలో నొసగెను. మన ఛందస్సు గురువు, లఘువు అను రెండు గుర్తుల మీదనే నిలిచినది. మూడక్షరముల గణములు ఎనిమిదే కలవు. ఏలయన రెండు గుర్తులను మూడు తావులలో ఎనిమిది విధములుగా మాత్రమే అమర్పవచ్చును. కంప్యూటరును ఒకటి, సున్న అను రెండు గుర్తులతోనే సమస్తమును నడుపును. ఉత్పలమాల వ్రాయువాడు ఒక గణము తప్పిన చదువగానే పట్టుకొనును, దిద్దును. పద్యము వ్రాయ నేర్చినవారి సహనమే ఇచ్చటను కావలెను.

మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము మాధ్యమిక దశలో కోడింగునకు తావిచ్చెను. అదే యేట, పసివారు కోడింగు నేర్చి ధనరాసులు గడింతురను తీరున ఆశలు చూపు ప్రకటనలును వెలువడెను. ప్రకటనల ప్రమాణ మండలి ప్రశ్నింపగా వానిలో కొన్నింటిని ఉపసంహరించుకొనిరి. తల్లిదండ్రులు ఇట్టి ఆశలకు లోబడి అప్పు చేయరాదు. అక్షరాభ్యాసము నాడే బిడ్డ ఎంత గడించునని ఎవరైన అడుగుదురా?

ఇప్పుడు మామూలు మాటలతో అడిగిన చాలును, ప్రోగ్రామును యంత్రమే వ్రాసి ఇచ్చుచున్నది గదా, ఈ శ్రమ యేలయని కొంద రందురు. కూడికలు చేయు యంత్రము వచ్చిన తరువాతను ఎక్కములు మానలేదు. యంత్ర మిచ్చిన మొత్తము సరియో కాదో పట్టుకొనుటకు మనిషికి కొంత లెక్క తెలిసియుండవలెను. అడుగుట తెలియనివాడు అడిగినదియు, చూచుట తెలియనివాడు ఒప్పుకొన్నదియు కలిసిన ఆ పని ఎవరి మేలునకో చెప్పలేము.

మహాశయులారా, నేడు అనేక గృహములలో పిల్లల చేతికి దొరకునది ఫోను మాత్రమే. అది చూచుటకు మరగించును. చేయుటకు అంతగా పురికొల్పదు. కలిగినవారి పిల్లలు ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుందురు. లేనివారి పిల్లలు కిటికీ వెలుపల నిలుతురు. ఈ భేదమును తొలగించుట ఎవరి ధర్మము? 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రముఖులు సమావేశమై ఆంధ్రదేశపు సంఘమును స్థాపించినది, పుస్తకము కొనలేనివానికిని పుస్తకము అందవలెనను సంకల్పముతోనే. ఆ ధర్మమే నేడు ఈ రూపమున గ్రంథాలయము తలుపు తట్టుచున్నది.

కావలసినవి మితములు. దాతల యింట మూలబడియున్న కంప్యూటర్లు రెండు మూడు, ఆదివారము రెండు గంటలు, కళాశాలలో చదువుచు సెలవులకు వచ్చు యువకులు, యువతులు ఒకరిద్దరు. ప్రవేశమునకు రుసుము ఉండరాదు. బాలికలను వెనుక బల్లపై కూర్చుండ బెట్టరాదు. ఇంటి పెద్దలకు ఈ విద్య రాకున్నను లోపము లేదు. ముగ్గు వేయు తల్లి చుక్కల వరుస ఎట్లు లెక్కించునో పిల్లచేత వరుసగా చెప్పించినను అది అభ్యాసమే. “నీవు ఏమి చేయదలచితివి? యంత్ర మేమి చేసినది? రెంటికిని ఎచ్చట భేదము వచ్చినది?” అని ఓపికతో అడుగ గలిగిన తాతయు గురువే.

రజతోత్సవమునకు గుర్తుగా గోడపై శిలాఫలకము వేయుట సులభము. ఒక గదిలో పిల్లలకు ఇట్టి బల్ల యొకటి వేయుట అంతకంటె మిన్న. కార్యవర్గమువారు ఈ సంవత్సరముననే దీనికి పూనుకొందురు గాక యని ప్రార్థన. స్వస్తి.