తెర మీద మన మాట

  జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల నుంచి వచ్చారు. లంబాడీ పిల్లలున్నారు, కోయ పిల్లలున్నారు. అందుకే అందరికీ అందే తెలుగులో మాట్లాడతాను.

సినిమాల్లో, నాటకాల్లో, పుస్తకాల్లో గుర్తుండిపోయిన మాటల గురించి చెప్పమన్నారు. నాకు నవ్వొచ్చింది. హాస్టల్లో డైలాగులు ఆపండి అని అరిచేదాన్ని నేనే కదా! స్టడీ అవర్లో ఒక పిల్ల హీరో డైలాగు మొదలుపెడితే నలభై గొంతులు దాన్ని పూర్తి చేస్తాయి. అదే పిల్లలు సోషల్ పాఠంలో ఒక పేరా మూడు రోజులైనా అప్పజెప్పరు.

మన గురించి అందరికీ తెలిసిన మాట ఒకటుంది. జల్, జంగల్, జమీన్. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చాక కొమురం భీము పేరు దేశాలు దాటిపోయింది. సంతోషమే. కానీ అది కల్పిత కథ. అసలు భీము జోడేఘాట్ కొండల్లో పోరాడి 1940లో నిజాం పోలీసుల తూటాలకు అక్కడే నేలకొరిగాడు. గొడవ దేని మీద? దున్నుకున్న భూమి మీద, పశువుల మేత మీద, అటవీ సిబ్బంది వసూళ్ల మీద. ఆయన పోయాక జరిగింది మీలో ఎంతమందికి తెలుసు? గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమెండార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పంపింది. ఆ తర్వాత 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. గోండీలో వాచకాలు వచ్చాయి. నేనూ టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి భీము కథలో నాకు ఇష్టమైన భాగం ఇదే. ఏ సినిమాలోనూ ఇది కనబడదు. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీము’ నవల చదవండి, ఆ కాలం అర్థమవుతుంది. అల్లాణి శ్రీధర్ తీసిన సినిమా కూడా ఉంది.

మన జనగామకు వద్దాం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం 1947లో ఊరూరా ఆడితే సర్కారు నిషేధించింది. మాటకు భయపడకపోతే నాటకాన్ని ఎందుకు ఆపుతారు? అదే పేరుతో గౌతమ్ ఘోష్ తీసిన సినిమా ఉంది. అందులో బండి యాదగిరి పాటను గద్దర్ తెర మీద పాడాడు. ఇప్పటికీ ఆ పాట వస్తే మన ఊళ్లలో ముసలివాళ్లు లేచి కూర్చుంటారు. ఆ పోరాటంలో దేవరుప్పుల దగ్గర ధర్మాపురం తండా నుంచి విస్నూరు దేశ్‌ముఖ్ మీద నిలబడ్డ జాటోతు ఠాను నాయక్ ఉన్నాడు. ఆయన నోట ఒక్క డైలాగైనా మనకెవరూ కంఠస్థం చేయించలేదు.

ఇక రెండో రకం మాటలు. తెలుగు సినిమాల్లో ‘కోయదొర’ అంటే జ్యోతిష్యం చెప్పేవాడు, నవ్వించేవాడు. అడవి పిల్ల అంటే వచ్చీరాని తెలుగు మాట్లాడే పిల్ల. చూసినంతసేపు మనమూ నవ్వుతాం. మా హాస్టల్లో చదివి పట్నంలో ఇంటర్‌లో చేరిన ఒక కోయ పిల్లను క్లాసులో వాళ్లు ఆ సినిమా గొంతుతోనే చెయ్యి చూసి జాతకం చెప్పమన్నారట. దసరా సెలవులకు వచ్చిన పిల్ల తిరిగి పోనంది. వాళ్ల నాయన, నేను నాలుగు సార్లు కూర్చోబెట్టి మాట్లాడితే జనవరిలో వెళ్లింది. ఆ డైలాగు రాసినాయనకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

నాకు బాగా గుర్తుండిపోయినదాంట్లో మాటే లేదు. 2021లో వచ్చిన ‘జై భీమ్’ చూసే ఉంటారు. ఒక నిజమైన కేసు ఆధారంగా, ఇరుళ గిరిజనుల కథగా తీశారు. చివర్లో లాయరు పేపరు చదువుతుంటే పక్కన కూర్చున్న చిన్న పిల్ల కూడా పేపరు తీసుకుంటుంది, ఆయనలాగే కాలు మీద కాలు వేసుకుంటుంది. అంతే. హాస్టల్లో ఆ సీను అయిపోయాక మా ఐదో తరగతి పిల్లలు ఆఫీసు రూములో పేపరు కోసం కొట్లాడుకున్నారు. చివరికి రెండు పేపర్లు వేయించుకోవాల్సి వచ్చింది!

మరి మన సొంత మాటలెక్కడున్నాయి? సమ్మక్క కథను కోయ డోలి కళాకారులు తరతరాలుగా నోటితోనే మోశారు. వాళ్లలో ఒకరైన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. గోర్ బోలీకి సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు లిపిలో రాసుకుంటాం. కేతావత్ సోమ్‌లాల్ భగవద్గీతనే గోర్ బోలీలోకి తెచ్చారు, 2024లో పద్మశ్రీ అందుకున్నారు. గీతనే రాయగలిగిన భాషలో మీ యాడి తిట్టే తిట్టు, దీవించే దీవెన రాయలేమా?

మా హాస్టల్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. సెలవులకు ఇంటికెళ్లిన ప్రతి పిల్లా తాత దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఒక మాట తెచ్చి రాయాలి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో అన్నారో కింద రాయాలి. తిట్లే ఎక్కువ వచ్చాయి, పర్వాలేదు. నూట పన్నెండు పేజీలు నిండాయి. బయట బల్ల మీద పెట్టాను, భోజనాలప్పుడు చూడండి. ఖాళీ పేజీలున్నాయి, పెన్ను కూడా కట్టి ఉంచాను.