దూడ కొమ్ము కాల్చేటప్పుడు మెదడు జాగ్రత్త



సంకరజాతి దూడలకు చిన్నప్పుడే కరెంటు ఇనుముతో కొమ్ము మొలక కాల్చడం మనకు అలవాటే. పెద్దయ్యాక పశువులు పొడుచుకోవు, మంచిదే. కాని ఆ ఇనుము వేడి సుమారు 600 డిగ్రీలు. దాని కింద చర్మం, పలుచని ఎముక, ఆపై మెదడు పొర. ఈ సంగతే మేము గుర్తు చేయదలిచాము.

మనుషుల మెదడు ఆపరేషనులో రక్తం ఆపేందుకు కరెంటును 1926లో బోస్టన్‌లో డాక్టర్ హార్వే కుషింగ్ వాడారు. రక్తం ఆగింది. అయితే ఆ వేడి పక్క మెదడుకూ పాకుతుందని జంతువుల మీద పరీక్షల్లో తేలింది. అందుకే నేడు రెండు కొనల పట్టకారుతో, ఉప్పునీరు చిలకరిస్తూ, క్షణకాలమే తాకిస్తారు. కంటికి కనిపించే చోటనే అంత జాగ్రత్త! మనమో పుర్రె పైనుంచి చూడకుండా కాలుస్తున్నాం.

రెండు నెలల లోపు మొలక పుర్రెకు అతుక్కోదు, చర్మంతో కదులుతుంది. అప్పుడే చేయించాలి. ముందుగా పశువైద్యుని చేత మత్తు సూది వేయించి, పది నిమిషాలు ఆగాలి. ఇనుము బాగా కాలాక పెట్టి, మొలక చుట్టూ రాగిరంగు వలయం రాగానే తీసేయాలి. చాలీచాలని వేడితో ఎక్కువసేపు అదమడం మరీ చెడ్డది, వేడి లోపలికి దిగుతుంది.

మేకపిల్ల పుర్రె ఇంకా పలుచన. దూడకు పట్టినంతసేపు పడితే మెదడు దెబ్బతిని ఫిట్సు వచ్చి చనిపోవచ్చు. మేకపిల్లల పని డాక్టరుకే వదలండి.

కాల్చిన తరువాత దూడ పాలు మానినా, తల గోడకు ఆనించినా అదే రోజు డాక్టరుకు కబురు పెట్టండి.