వైద్యునకు జ్ఞాపకము చేయు యంత్రము



గ్రామములందలి పెద్దలు నన్నొక ప్రశ్న తఱచుగా అడుగుచుందురు: "అయ్యా, ఇప్పుడు ఆసుపత్రికి పోయినచో వైద్యులుగారు మా ముఖము చూడక ఆ కంప్యూటరు ముఖము చూచుచున్నారు. మా రోగము ఆయనకు తెలియునా, ఆ పెట్టెకు తెలియునా?" ఈ సందేహము నవ్వి త్రోసివేయదగినది కాదు. నాకు తెలిసిన సమాధానమును నేడు మనవి చేసెదను.

ముందుగా మా యింట జరిగిన సంగతి. మా తండ్రిగారికి రక్తపుపోటు ఉండెడిది. ఒక వైద్యుడు దానికి మాత్ర వ్రాసి యిచ్చెను. కొన్నాళ్ళకు మోకాలినొప్పికై వేఱొక యూరికి పోగా, అచటి వైద్యుడును పోటు చూచి మఱియొక మాత్ర వ్రాసెను. పేర్లు వేఱు, మందు ఒక్కటే. నాయనగారు రెండింటిని శ్రద్ధగా మ్రింగిరి. ఐదవనాటి ఉదయమున పెరటిలో కన్నులు తిరిగి పడిపోయిరి, తుంటియెముక విఱిగినది. అటుపిమ్మట ఆయన చేతికఱ్ఱ లేక నడువలేదు. ఆ వైద్యు లిద్దఱును చదువుకొన్నవారే, దయగలవారే. మొదటి చీటీ రెండవవారి కంటబడలేదు. దానిని చూపవలెనని నాకును తోచలేదు. ఆ బాధ నన్ను నేటికిని విడువలేదు.

ఇట్టి పొరపాట్లు అజ్ఞానమువలన కలుగునా, మఱపువలన కలుగునా? అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అను వైద్యుడు దీనిని పరీక్షించి, 1976లో ఫలితములను ప్రకటించెను. ఆసుపత్రిలో చేరక, వచ్చి చూపించుకొని పోవు రోగుల వివరములను కంప్యూటరు ముందుగానే పరిశీలించి, చేయదగిన పనిని గూర్చి వైద్యునకు సూచన నిచ్చెడిది. ఈ మందు వాడువారికి ఫలానా పరీక్ష అవసరమనునట్టివి ఆ సూచనలు. సూచన యిచ్చిన 327 సందర్భములలో నూటికి 51 చోట్ల వైద్యులు తగిన చర్య తీసికొనిరి. సూచన లేని 385 సందర్భములలో నూటికి 22 చోట్ల మాత్రమే తీసికొనిరి. వైద్యులు వారే, వారి విద్యయు అదియే. మఱియు, మొదట సూచనలు పొంది పిదప అవి లేకుండ పనిచేసినవారికి ఆ మేలు నిలువలేదు. కావున ఇట్టి లోపములలో పెక్కింటికి కారణము బహుశః విద్యయందు కాక, ఇన్ని సంగతులను ఏకకాలమున మోయలేని మానవుని శక్తియందే యున్నదని ఆయన అభిప్రాయపడెను.

పూర్వము కరణము ఎంత సమర్థుడైనను దస్తరము విప్పక శిస్తు చెప్పెడివాడు కాడు. అందువలన అతని పరువు తగ్గలేదు. వైద్యుడు యంత్రమును చూచుటయు నట్టిదే.

అయినను ఆ యంత్రమును సర్వజ్ఞునిగా భావింపరాదు. దానికి వ్రాసినదే తెలియును; మనము చెప్పనిది దానికి లేనట్లే. తప్పు వ్రాసినచో తప్పే చెప్పును. మాటిమాటికి అనవసరముగా హెచ్చరించినచో, ఊరక మొఱుగు కుక్కను ఇంటివారు లక్ష్యపెట్టనట్లు, వైద్యులు దానిని లక్ష్యపెట్టరు. రోగి మందు కొనగలడా, ఇంట కనిపెట్టి చూచువారు కలరా యని విచారించి తుదినిర్ణయము చేయవలసినవాడు వైద్యుడే.

కావున పెద్దలకు నా మనవి యిది. ఆసుపత్రికి పోవునపుడు పాతచీటీలను, వాడుచున్న మందుల నన్నిటిని, నాటుమందుతో సహా, ఒక సంచిలో వేసికొని పొండు. పూర్వ మే మందు పడలేదో అడుగకుండగనే చెప్పుడు. క్రొత్తమందు వ్రాసినపుడు, "ఇది నా పాతమందులతో కలిసి పడునా?" యని సంకోచింపక అడుగుడు.

ఆ పెట్టెకు తెలియునా యని మీ రడిగితిరి. మీరు చెప్పినది దానికి గుర్తుండును. అందులో దేనిని పాటింపవలెనో వైద్యునకు తెలియును. చెప్పవలసినవారు మాత్రము మీరే. ఆనాడు నేనా చీటీని చూపియున్నచో మా నాయనగారు చేతికఱ్ఱ పట్టవలసివచ్చెడిది కాదేమో!