167 కాగితాలు

(యూనియన్ ఆఫీసులో జరిగిన అధ్యయన తరగతిలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



సెప్టెంబరు 8 చెకోస్లొవేకియా విప్లవకారుడు జూలియస్ ఫ్యూజిక్‌ను ఉరితీసిన రోజు. పాత సభ్యులకు ఈ పేరు తెలుసు. కొత్తవారి కోసం చెబుతున్నాను.

ఆయన 1903లో ప్రాగ్ నగరంలో, స్మిఖోవ్ అనే కార్ఖానాల పేటలో, కార్మికుని ఇంట పుట్టాడు. (అదే పేరుతో ఆయన తండ్రి తోడబుట్టినవాడు ఒకరున్నారు, సంగీతకారుడు. సర్కస్ డేరాల్లో బ్యాండువాళ్ళు వాయించే ఆ పేరుమోసిన వరుస ఆయన కట్టిందే. ఇద్దరినీ ఒకరనుకోకండి.) మన ఫ్యూజిక్ పత్రికా రచయిత, కమ్యూనిస్టు. 1939లో హిట్లర్ సైన్యం ప్రాగ్‌ను ఆక్రమించాక అజ్ఞాతంలోకి వెళ్ళి రహస్య పత్రికలు నడిపాడు. 1942 ఏప్రిల్ 24న గెస్టపోకు చిక్కాడు. పాంక్రాట్స్ జైలు, 267వ నంబరు గది. చావగొట్టారు.

ఆ జైల్లో అడాల్ఫ్ కొలిన్‌స్కీ అనే కాపలాదారు ఉండేవాడు. చెక్ మనిషే. ఖైదీలకు సాయపడాలని, జర్మనునని రాయించుకుని ఆ ఉద్యోగంలో చేరాడు. పైకి చూసేవాళ్ళకు పచ్చి ద్రోహి! 1943లో అతనే ఫ్యూజిక్‌కు కాగితం, పెన్సిలు తెచ్చి ఇచ్చాడు. అతని డ్యూటీలో ఫ్యూజిక్ రాసేవాడు, అతను బయట కాపు కాసేవాడు. రాసిన ముక్కలు జైలు దాటి వేర్వేరు ఇళ్ళలో దాగాయి. 1943 సెప్టెంబరు 8న బెర్లిన్‌లో ఫ్యూజిక్‌ను ఉరితీశారు.

భార్య గుస్తా రావెన్స్‌బ్రుక్ మహిళా నిర్బంధ శిబిరంలో ఉండి, 1945లో తిరిగి వచ్చింది. కొలిన్‌స్కీని వెతికి పట్టుకుని, ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో ఆరా తీసి, ఒక్కొక్కటే చేర్చింది. చందా రసీదులకు నంబరు ఎందుకు వేస్తామో మనకు తెలుసు కదా! ఫ్యూజిక్ కూడా ప్రతి కాగితానికీ నంబరు వేశాడు. మొత్తం 167. ఆ ఏడాదే పుస్తకం వచ్చింది, అనేక భాషల్లోకి వెళ్ళింది, తెలుగులోకి కూడా.

అయితే అచ్చువేసేటప్పుడు కొన్ని భాగాలు తీసేశారు. మొదట్లో నోరు విప్పని తాను కొన్ని వారాల తరువాత పోలీసులతో మాట్లాడానని, వాళ్ళను తప్పుదారి పట్టించే ఆట ఆడానని ఫ్యూజిక్ రాసుకున్నాడు. వీరుడు శత్రువుతో మాట్లాడకూడదని పెద్దలు అనుకున్నారు కాబోలు.

1989లో అక్కడి ప్రభుత్వం మారింది. 1984లో ఒక మెట్రో స్టేషనుకు పెట్టిన ఆయన పేరును 1990లో తీసేశారు. ఆ పుస్తకం ఆయన రాసింది కాదన్నారు, అసలు చావనే లేదని కూడా పుకార్లు పుట్టాయి. నిపుణులు రాతప్రతిని పరీక్షించి చేతిరాత ఆయనదేనని తేల్చారు. 1995లో, తీసేసిన భాగాలన్నీ చేర్చి పూర్తి పాఠం ప్రచురించారు.

నా మటుకు నాకు, పేరు చెరిపినవాళ్ళకంటే వాక్యాలు కత్తిరించినవాళ్ళే ఆయనకు ఎక్కువ హాని చేశారనిపిస్తుంది. ఆయన దాచలేదు. దాచింది వీళ్ళు. నింద వేసేవాళ్ళకు సందు దొరికింది అందువల్లనే. దెబ్బలు తిని, తోటివాళ్ళ కోసం కాలం గడిపిన మనిషి నా దృష్టిలో ఏమీ తగ్గలేదు.

మన బీరువాలో ఉన్న తెలుగు ప్రతి 1995కు ముందుది. అందులో ఆ భాగాలు లేవు. ఆ సంగతి తెలిసి చదవండి. షిఫ్టు దిగినవాళ్ళు వచ్చి పేరు రాసి తీసుకుపోవచ్చు. ఉన్నది ఒకటే ప్రతి, వారంలో తిరిగి ఇవ్వాలి.