చిగురు పట్టే చోటు

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు రోగి నోరు తెరిపించగానే ముందు చిగురు చూసేవారు, తర్వాతే పన్ను. అందుకే ఇవాళ పంటి ఇంప్లాంటు గురించి మాట్లాడుతూ చిగురుకే పెద్దపీట వేస్తాను.

ఇంప్లాంటును ఎముక పట్టుకునే సంగతి చాలావరకు తేలిపోయింది. స్వీడన్‌లో బ్రెనెమార్క్ అనే పరిశోధకుడు 1950లలో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరం మళ్లీ ఊడిరాకపోవడం గమనించాడు. 1965లో తొలి రోగికి ఇంప్లాంట్లు అమర్చాడు. అవి లేతు మీద తీసిన, ఇంచుమించు నునుపైన మరలు. తర్వాతివాళ్లు వాటి మీద అల్యూమినా రేణువులు చిమ్మి, ఆమ్లంలో ముంచి గరుకు చేశారు. ఒకటి నుంచి రెండు మైక్రాన్ల గరుకు ఉంటే ఎముక బాగా పడుతుందని తేలింది.

చిగురు లెక్క వేరు. సహజమైన పంటి వేరు మీద సిమెంటం అనే పొర ఉంటుంది. చిగురులోని కొల్లాజెన్ నారలు అందులోకి దిగి పాతుకుంటాయి. టైటానియానికి ఆ పొర లేదు. నారలు దాని పక్కనే సాగుతాయి, ఇంప్లాంటు మెడ చుట్టూ తిరుగుతాయి, లోపలికి మాత్రం దిగవు. పంటికీ ఎముకకీ మధ్య ఉండే లిగమెంటు లేదు, దాని నుంచి వచ్చే నెత్తురూ లేదు. ఇంప్లాంటు మీద చిగురు పట్టు మొదటి నుంచీ పలచనే.

ప్రయోగశాలలో టైటానియం బిళ్ల మీద ఫైబ్రోబ్లాస్టులనే చిగురు కణాలను వదిలి చూడండి. ముందు గుండ్రంగా వాలిన కణం కొన్ని గంటల్లో అంచులు చాపి పల్చగా పరుచుకుంటుంది. అడుగున అది ఉపరితలాన్ని కరిచి పట్టుకున్న చోట్లను రంగు వేసి మైక్రోస్కోపులో చుక్కలుగా చూడొచ్చు. నునుపు మీద ఈ పరుచుకోవడం సాఫీగా జరుగుతుంది. బాగా గరుకైన చోట కణం గుంటల్లోకి దిగకుండా, ఒక మిట్ట నుంచి ఇంకో మిట్టకు వంతెన వేసినట్టు వేలాడుతుంది. సన్నని గాడులు చెక్కితే వాటి వెంబడే పొడుగ్గా సాగుతుంది. కెనడాలోని వాంకూవర్‌లో బ్రూనెట్, చెహ్రూదీ అనే పరిశోధకులు ఈ గాడుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. సరైన గాడులు ఉన్నచోట చిగురు పైపొర (ఎపిథీలియం) కిందికి జారడం తగ్గుతుందని జంతువుల్లో చూపారు. లేజరుతో గాడులు చెక్కిన మెడకు నారలు అడ్డంగా అతుక్కున్నట్టు 2008లో నెవిన్స్ బృందం మనుషుల నమూనాల్లో చూపింది. ఆశపెట్టే ఫలితమే. అయితే పిడికెడు నమూనాలను పట్టుకుని కరపత్రాలు కొట్టే కంపెనీలను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఎందుకంటే ఇంప్లాంటు మెడ మీద చోటు కోసం పోటీపడేది మన కణాలు మాత్రమే కాదు. ఎవరు ముందు చేరితే వారిదే ఉపరితలం అన్నాడు గ్రిస్టినా అనే పరిశోధకుడు 1987లో. బాక్టీరియాకూ గరుకంటే ఇష్టమే. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 1990లలో ఒక హద్దు చూపారు: గరుకు 0.2 మైక్రాన్లకు తగ్గాక, ఇంకెంత నునుపు చేసినా పాచి మరి తగ్గదు. బాక్టీరియా ఒళ్లే ఇంచుమించు ఒక మైక్రాను. అంతకన్నా చిన్న గుంటలో అది దాక్కోలేదు. అందుకే ఒకే ఇంప్లాంటుకు రెండు ముఖాలు కావాలి: ఎముకలో గరుకు, చిగురు దగ్గర నునుపు. గాడులు చెక్కినా అవి చిగురు కప్పిన మేరకే ఉండాలి. చిగురు దిగిపోయి గరుకు భాగం నోట్లోకి తేలిందంటే దాన్ని శుభ్రం చేయడం ఎవరి తరమూ కాదు.

మన పుదుచ్చేరికి ఈ మాట మరీ ముఖ్యం. గోరిమేడు ఆసుపత్రులకు వచ్చేది ఊళ్లోవాళ్లే కాదు. యానాం మన కేంద్రపాలిత ప్రాంతమే అయినా ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. అక్కడి నుంచి వచ్చి ఇంప్లాంటు వేయించుకున్న మనిషిని ఆరునెలలకోసారి రమ్మంటే వస్తాడా? అలాంటివారికి సులువుగా తోముకోగలిగిన నునుపు మెడే మేలని నా నిర్ణయం.

ఇక కుర్ర డాక్టర్లకు ఒక్క మాట. లక్షణంగా నునుపు చేసిన మెడను ఉక్కు స్కేలరుతో ఒక్కసారి గీకితే చాలు, గీతలు పడతాయి, పాచికి చోటు దొరుకుతుంది. ఇంప్లాంటు దగ్గర ప్లాస్టిక్ లేదా టైటానియం పనిముట్లే వాడండి. కొనేముందు ఎముక భాగం గరుకుతో పాటు మెడ గరుకు ఎన్ని మైక్రాన్లో కూడా కంపెనీవాళ్లను అడగండి. అంకె చెప్పలేకపోతే ఆ సరుకు తీసుకోకండి.