మేకర్ నేనే, చెకర్ నేనే

ఖరగ్‌పూర్‌లో తెలుగు సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం



బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్లు ఉన్న ఊరు ఇది. ట్రాఫిక్ బ్లాక్ తీసుకోకుండా పట్టాల మీద పని మొదలుపెట్టకూడదని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. ఆ సంగతి మరిచి ఇంట్లో కంప్యూటర్ మీద పని మొదలుపెట్టిన వాణ్ని నేను.

మా పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 20.04 ఉండేది. ఆ విడుదలకు మామూలు భద్రతా సవరణలు 2025 మేతో ఆగిపోయాయి. నెట్ బ్యాంకింగ్ చేసే కంప్యూటర్‌ను అలా వదిలేయకూడదు కదా! ఒక ఆదివారం టెర్మినల్ తెరిచి కూర్చున్నాను.

“ముందు మామయ్యగారి ఫోటోలు కాపీ చేసుకోండి” అంది మా ఆవిడ. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరైన రోజు ఫోటోలు అందులోనే ఉన్నాయి. “ఏం కాదులే” అన్నాను.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది. రికవరీ మోడ్‌లోకి వెళ్లి ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ ఇచ్చాక, ఆగిన పని మళ్లీ సాగింది. ఫోటోలు దక్కాయి. కానీ ఆ రెండు గంటలూ అమ్మ ముఖం చూడలేకపోయాను.

అలా 22.04కు చేరాం. 24.04కు మాత్రం పద్ధతిగా వెళ్లాను. ఒకేసారి రెండు విడుదలలు దాటడం కుదరదు. వరుసగా ఒక్కో స్టేషనూ ఆగుతూ పోవాల్సిందే.

ముందు ఫోటోలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూశాను. కంప్యూటర్‌ను యూపీఎస్‌కు తగిలించాను. ‘డీఎఫ్ -హెచ్’తో ఖాళీ జాగా ఉందో లేదో చూశాను. తర్వాత ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ ఇచ్చి ఉన్న విడుదలనే పూర్తిగా సరిచేశాను. అప్పుడే ‘సుడో డూ-రిలీజ్-అప్‌గ్రేడ్’. ఇవన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

మధ్యలో అది ప్రశ్నలు అడుగుతుంది. మనం మార్చుకున్న సెట్టింగుల ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా అంటుంది. చదవకుండా ఎంటర్ కొట్టకండి. అంతా అయ్యాక రీస్టార్ట్ చేసి, ‘ఎల్ఎస్‌బీ_రిలీజ్ -ఏ’ ఇస్తే కొత్త నంబరు కనిపిస్తుంది.

బ్యాంకులో మేకర్ వేసిన ఎంట్రీని చెకర్ చూడందే పాస్ చేయం. ఇంట్లో చెకర్ చెప్పింది నేను వినలేదు. ఈసారి ‘వై’ నొక్కే ముందు మా ఆవిడను పిలిచాను. డిస్కులో నాన్న ఫోటో తెరిచి చూసి, “ఇప్పుడు నొక్కండి” అంది.